చేత్తో ఎక్కించిన దారి

మా ఆయనకి ఊపిరి పోసే మిషను, ఆసుపత్రి నుంచి నెట్టు లైను వస్తేనే ఆడుతుంది. ఇప్పుడు లైన్లు వెళ్ళే దారులన్నీ ఒక ఫైల్లో రాసుంటాయి కదా, శనివారం పొద్దున అందులో మా వీధి రాయడం మర్చిపోయారు.

మా కోడలు హైమావతి ఉద్యోగం ఆ దారులు చూసుకోవడమే. గుమ్మం పక్కన ఆ లైను వచ్చే స్విచ్చు పెట్టె తెరిచి, దారి చేత్తో ఎక్కించింది. పది నిమిషాలకి పెట్టె ఫైలు చూసుకుని, అందులో లేదని ఆ దారి తుడిచేసింది, మిషను ఆగింది. మళ్ళీ ఎక్కించింది. మధ్యాహ్నం దాకా ఇదే పని.

"ఆ ఫైల్లోనే రాసెయ్యవే."

"రాశానత్తయ్యా. పైవాళ్ళు సరే అనాలి. సోమవారం గానీ చూడరట."

"అయితే నాకు నేర్పు. నువ్వు రెండు ముద్దలు తిను."

నేర్పింది. నేను నొక్కాను. ఆయన ఛాతీ లేచింది. అంతలో పెట్టె మీద ఏవో అక్షరాలు వెలిగాయి.

"ఏమంటోందే?"

"చేత్తో మార్చడం ఎక్కువైందట. ఇకమీదట నిమిషానికోసారి తుడుస్తుందట."

హైమ కంచం పక్కకి నెట్టి, నన్ను ఆనుకుని కూర్చుంది.

"మీరొకసారి, నేనొకసారి," అంది.