ఓబులేసు మీద అభ్యంతరం

రైతు సేవా కేంద్రం గోడకు అంటించిన జాబితాలో ముప్పై ఏడో పేరు మీద వేలు పెట్టి నిలబడ్డాడు పెద్దాయన.

"ఈ పేరు తీసేయల్లమ్మా. ఓబులేసు పేరు."

సాయి ప్రియ కంప్యూటర్ మీంచి తల ఎత్తింది. నంద్యాల నుంచి ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చి పది రోజులే అయింది. మనుషులెవరో ఆమెకింకా తెలియదు.

తుపానుకు పంట పోయినవాళ్ళకు సర్కారు సాయం అది. ఎవరికి వస్తోందో నలుగురికీ తెలియాలని పేర్లు గోడకు అంటించారు. ఊరంతా వచ్చింది. ఎవరి పేరు వాళ్ళు చూసుకుని పోయారు. తీసేయమని అడిగినవాడు ఈయనొక్కడే.

"అభ్యంతరాలకు ఈ పొద్దే ఆఖరు తాతా. ఇన్నాళ్ళు యాడికి పోయినావ్?"

"నంద్యాలకు రెండుసార్లు పోయినా. ఆళ్లగడ్డలో అడుగు అన్నారు. ఆళ్లగడ్డోళ్ళు మీ ఊర్లోనే ఇయ్యిపో అన్నారు."

చెప్పులు విడిచి బెంచీ మీద కూలబడ్డాడు. విసుక్కునే ఓపిక కూడా అయిపోయిన మనిషి.

"పొలం ఓబులేసుదే కదా. తప్పేముంది?"

"పొలం ఓబులేసుది. సేద్యం బుడేన్‌ది. మూడెకరాలు కౌలుకు చేస్తాండాడు. మొక్కజొన్న కంకుల్లోనే మొలకలొచ్చినాయి. గింజ చేతికి రాలేదు. పంట నమోదుకు వచ్చినప్పుడు ఓబులేసు పాస్‌బుక్కు చూపించి తన పేరు రాయించుకున్యాడు. సిగ్గులేనోడు."

"మరి బుడేన్ రాలేదేం?"

"నోరు తెరిస్తే కౌలు పోతాదని భయం. వాని పెండ్లాం జాన్‌బీ మూటలు కడతాంది. ఈ దుడ్లు రాకుంటే పిల్లోళ్ళను బడి మాన్పించి గుంటూరుకు మిరపకాయల కోతకు పోతారు."

సాయి ప్రియ జాబితాలో ఓబులేసు పేరు మళ్ళీ చూసింది.

"దుడ్లు పడినాక ఓబులేసే బుడేన్‌కు ఇచ్చేయొచ్చు కదా?"

"యాడ ఇచ్చేది? బ్యాంకు కార్డు, ఫోను అన్నీ కొడుకు సురేష్ చేతిలో. పడిన గంటకే ఉండవు."

"ఇంట్లో చెప్పేవాళ్ళే లేరా?"

"పెండ్లాం ఉమామహేశ్వరమ్మ చెప్పి చెప్పి ఇడిసిపెట్టింది. నెలగా మొగునితో మాట్లాడ్డమే లేదు."

ఊళ్ళో సంగతులన్నీ ఈయనకే కావాలి కాబోలు అనుకుంది సాయి ప్రియ. అయినా జాలేసింది. ఫారం తీసి బుడేన్ పేరు, పొలం సర్వే నంబరు రాసుకుంది.

"రేపు ఓబులేసు వచ్చి నా మీద పడితే?"

"రాడు."

"నీకెట్ల తెలుసు?"

"పుట్టినప్పటి నుంచి చూస్తాండా. ఊర్లో మంచోడనే పేరు. బుడేన్ బాధ వానికేం పట్టింది? ఎద్దు పుండు కాకికి నొప్పా అమ్మా?"

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "నీ పేరు లేకుండా ఇస్తే చెల్లదు తాతా. ఈ కాగితం కూడా గోడకు అంటిస్తాం. ఊరంతా చదువుతుంది. మళ్ళీ ఒకసారి ఆలోచించుకో."

పెద్దాయన గోడ వైపు చూశాడు.

"అంటియ్యమ్మా. అందరూ చదవనీ. నాకింక బస్సులెక్కే ఓపిక లేదు."

చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

'అభ్యంతరం తెలిపిన వారి పేరు' అన్న గడిలో రాయడానికి సాయి ప్రియ కార్డు అందుకుని చూస్తే, దాని మీద ఉన్న పేరు ఓబులేసు.