యువరాణి యుమికో పెళ్లి వరస

యుమికో పెళ్లి చెల్లదని స్మిత తేల్చి చెప్పిన రోజున గ్రూపు రెండుగా చీలింది.

యుమికో ఒక యువరాణి. జపాన్‌వాళ్లు తయారుచేసిన 'సిల్వర్ హెరాన్' అనే వీడియో గేమ్‌లో ఉంటుంది. ఆరో భాగం చివర, రాక్షసులూ డ్రాగనూ చచ్చాక, కెన్‌జో అనే కత్తివీరుణ్ణి పెళ్లాడుతుంది. ఆ పెళ్లి చూసి కళ్లు తుడుచుకోని తెలుగు అభిమాని జంషెడ్‌పూర్‌లో లేడు.

అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. కానీ ఇలాంటి గేమ్‌లకు అసలు భాగాలు కాక స్పిన్-ఆఫ్‌లని పిల్లలు పుడుతూనే ఉంటాయి. అదే యువరాణి వంట చేసే గేమ్ ఒకటి. కొంగల మీదెక్కి పందెంలో ఎగిరేది ఒకటి. గ్రూపులో ఉన్న సాయిచంద్ ఎక్కణ్ణుంచో ఇంకొకటి పట్టుకొచ్చాడు. అది చేపలు పట్టే గేమ్. జపాన్ దాటి రాలేదట, దొరకడం కష్టమట. అందులో ఒక ముసలి జాలరి పాత సంగతి ఒకటి బయటపెడతాడట.

కెన్‌జో తల్లి, యుమికో తల్లి కొత్త పెళ్లికూతుళ్లుగా ఒకే పడవలో అత్తారింటికి బయలుదేరారు. పుట్టిల్లు తలచుకుని ఇద్దరూ ఒకటే ఏడుపు. పడవలో ఉన్న ఒక పెద్దావిడ అన్నం ముద్ద విరిచి చెరో సగం పెట్టి, ఇవాళ్టి నుంచి మీరిద్దరూ అక్కాచెల్లెళ్లు, ఇక ఏడవకండి అంది. వాళ్లు జన్మంతా ఆ వరసే పాటించారు.

ఇంకే దేశపు అభిమానులైనా ఎంత బాగుందో అనుకుని ఊరుకునేవాళ్లు. మనవాళ్లు లెక్క కట్టారు. తల్లులు అక్కాచెల్లెళ్లయితే పిల్లలు అన్నాచెల్లెళ్లు కదా. మరి పెళ్లెలా చేశారు?

"గలత్ హై," అంది స్మిత. "వరస తప్పింది. ఆ పెళ్లి నేనొప్పుకోను."

నోటిమాటగా కలిపిన వరసకు పెళ్లి ఆపుతారా అని సాయిచంద్ లేచాడు. సగం మంది అటు, సగం మంది ఇటు. సోనారిలో ప్రేమ్‌కుమార్ ఇంటి డాబా మీద ప్రతి ఆదివారం హాయిగా సాగే కబుర్లు కాస్తా పంచాయితీ అయిపోయాయి. స్మిత అయితే సాయిచంద్‌ను పేరు పెట్టి పిలవడమే మానేసింది. ఏదైనా అనాల్సి వస్తే, ఆయనగారికి చెప్పండి అంటూ గోడకేసి మాట్లాడేది.

మధ్యలో నలిగిపోయింది ప్రేమ్‌కుమార్. గ్రూపు పెట్టింది అతనే. ప్లాంటులో డ్యూటీ, ఆదివారం గ్రూపు, ఇవి తప్ప అతని బతుకులో మూడోది లేదు. వచ్చే నెల ఏడో భాగం విడుదల. అందరూ కలిసి ఆడాలని పెద్ద టీవీ కూడా కొన్నాడు. ఇప్పుడు ఎవరూ రామంటున్నారు. అతనికి అన్నం సహించడం లేదు.

చివరికి స్మితే ఒక దారి చెప్పింది. మామ్మను అడుగుదాం. ఆవిడ తప్పంటే తప్పు. కాదంటే తానిక నోరెత్తదు.

మామ్మ అంటే సాయిచంద్ నాన్నమ్మ నూకాలమ్మ. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఆవిణ్ణి అడక్కుండా ఏ తెలుగింట్లోనూ సంబంధం ఖాయం చేసుకోరు. ఒకసారి ఔనన్నాక కాదన్నది లేదు.

ముగ్గురూ వెళ్లేసరికి ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతోంది. ప్రేమ్‌కుమార్ కథంతా చెప్పాడు. నూకాలమ్మ నవ్వలేదు. రెండు వంకాయలు తీసి తల్లులన్నది. వాటి కింద రెండు బెండకాయలు పెట్టి పిల్లలన్నది.

"ఆ డ్రాగన్ అన్నావు గదా, అది ఎవులికి ఏటవుతాది?"

"ఎవరికీ ఏమీ కాదు మామ్మా."

"అయితే దాన్ని ఒగ్గీ."

తర్వాత సాయిచంద్ వైపు తిరిగింది.

"ఆ ముద్ద ఏటి ముద్దరా?"

"పులిహోర," అన్నాడు సాయిచంద్.

ప్రేమ్‌కుమార్ ఉలిక్కిపడ్డాడు. ఆరు భాగాలూ అరగదీసినా అతనికి ఎక్కడా పులిహోర తగల్లేదు.

"వాళ్లు అన్నంలో వెనిగర్ కలుపుతారు. అదీ పులుపే," అంది స్మిత విసురుగా. ఇన్నాళ్లకు ఒక్క మాటలోనైనా ఇద్దరూ కలిశారని ప్రేమ్‌కుమార్ సంతోషించాడు.

నూకాలమ్మ వంకాయల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. సాయిచంద్ గుమ్మం దాకా వెనక్కి జరిగాడు. స్మిత మాత్రం పట్టు వదల్లేదు.

"వరస కలిపింది పెద్దావిడ కదా మామ్మా. పెద్దల మాట కాదని చేసుకుంటే పాపం కాదా?"

అంటూ ఆమె కత్తిపీట పక్కనే చతికిలపడింది. ఒక గేమ్ కోసం ఇంత పంతమేమిటో ప్రేమ్‌కుమార్‌కు అర్థం కాలేదు.

"ఏడుత్తన్న పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఆవిడ ఆ మాటంది గానీ, పుట్టబోయేవోల్ల పెళ్లి సెడగొట్టడానికి కాదు," అంది నూకాలమ్మ. "నోటితో కలిపిన వరస నోటితోనే ఇప్పీవచ్చు. నిచ్చింతగా పెళ్లి సేసుకోమను."

ప్రేమ్‌కుమార్‌కు ప్రాణం లేచొచ్చింది. వరస కుదిరింది, ఆదివారం అందరూ రండి అని అక్కడే గ్రూపులో మెసేజ్ పెట్టాడు. స్మిత చున్నీతో మొహం కప్పుకుని ఏడుస్తోంది. ఓడిపోయిన మనిషిని పలకరించడం బాగుండదని, అతను చప్పుడు చేయకుండా స్కూటరెక్కి సోనారికి వెళ్లిపోయాడు.

స్కూటర్ చప్పుడు దూరమయ్యాక నూకాలమ్మ రెండు బెండకాయల్నీ పక్కపక్కన జరిపి, "ఆ రోజు రైల్లో నా పులిహోర ముద్ద ఇరిసి మీ అమ్మలిద్దరికీ ఆ వరస కలిపిందాన్ని నేనే గదర్రా, ఆల్లకి నేను సెప్పుకుంటాను, మీరు బెంగెట్టుకోకండి," అంది.