తాడు లేని మెడ

జరగండర్రా, ఇంకా దగ్గరికి. కూర్చున్నారా? అయితే వినండి.

పుల్లన్న అనే ఎద్దు మోటబావి దగ్గరే ముసలిదైంది. వాలుబాటలో అది ముందుకు నడిస్తే తోలుబాన నీళ్ళతో పైకొచ్చేది, వెనక్కి నడిస్తే మళ్ళీ బావిలోకి దిగేది. బావికి మోటారు పెట్టగానే రైతు దాని మెడకున్న మోటతాడు విప్పేశాడు.

"వాగు దగ్గర పచ్చిక మేస్తా! ఎన్నాళ్ళుగా దూరంనించే చూస్తున్నానో!" అని పుల్లన్న గంతేసి ఉరికింది. బాట చివరిదాకా పోయి టక్కున ఆగింది. వెనక్కి వెనక్కి నడిచి బావి గట్టుకే వచ్చింది. పొద్దెక్కేదాకా ఇదే వరస.

పుల్లన్న కొమ్ము మీద వాలిన గోరింక పిట్ట పకపకా నవ్వింది. "తాతా, నీకు వాగు కావాలా, బావి కావాలా?"

"వాగేనే! కానీ నేను వెనక్కి రాకపోతే మడి ఎండిపోదూ?"

"అటు చూడు, మడి నిండా నీళ్ళే. ఏదీ, ఓసారి మెడ విదిలించు. తాడు తగిలిందా?"

తగల్లేదు. పుల్లన్న ఎప్పుడూ ఆగే చోట భయంభయంగా ఒక అడుగు ముందుకేసింది. ఏమీ కాలేదు! ఇంకో అడుగు వేసింది. ఆ తర్వాత ఒకటే పరుగు!

మోకాళ్ళ లోతు వాగులో నిలబడి, "ఇన్నాళ్ళూ తోడానే గానీ, నీళ్ళు ఇంత చల్లగా ఉంటాయని తెలీదే పిల్లా!" అని రంకె వేసింది.

ఇక లేవండి, అమ్మలు అన్నానికి పిలుస్తున్నారు. తిన్నగా ఇళ్ళకు పొండి. ఒరేయ్, వెనక్కి నడవకండిరా!