తడి ఆరేలోపు

"జిగురు పూసిన బండి నా షెడ్డులోకి రాదు. వెనక్కి తిప్పు," అన్నాడు వెల్డింగు మేస్త్రి, నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి.

కారు అప్పటికే సగం లోపలికి వచ్చేసింది. వెనక చక్రం పైనుండే రేకు చుట్టూ అరడజను క్లాంపులు కరుచుకుని ఉన్నాయి. కారు నడిపిన బట్టతలాయన నెమ్మదిగా దిగి చేతులు కట్టుకున్నాడు.

"తిప్పడానికి టైము లేదండీ. జిగురు పూసి పది నిమిషాలైంది. గంటలో గట్టిపడిపోతుందట. ఈలోపే స్పాట్ వెల్డింగు పడాలట. ఆలస్యమైతే రేకు మళ్లీ పీకెయ్యాల్సిందే అంది ఆవిడ."

"ఎవరావిడ?"

"మీ అమ్మాయేనండీ."

మేస్త్రికి తెలుసు. తెలిసే అడిగాడు. ఆ మాట ఎవరి నోటైనా విని ఎనిమిది నెలలైంది మరి. కారు రేకుకి వెల్డింగా, జిగురా అని ఇదే షెడ్డులో తండ్రీకూతుళ్లు మాటా మాటా అనుకున్నారు. నిప్పు తగిలితే లోపలి రంగు కాలి తుప్పు పడుతుందని ఆమె. అతికించడానికి కారేమన్నా కాగితం సంచా అని ఈయన. పోనీ రెండూ కలుపుదామని పిల్ల అన్నా వినలేదు. చివరికి "ఆ జిగురు డబ్బా పట్టుకుని నా గడప తొక్కకు" అనేశాడు. పిల్ల నిజంగానే తొక్కలేదు. రోడ్డుకి అవతల నాలుగో షెడ్డు అద్దెకి తీసుకుంది. ఆ షట్టరు లేచిన చప్పుడు వినందే ఈయన పొద్దున్నే మిషను ఆన్ చెయ్యడు. ఆ సంగతి ఎవరికీ చెప్పడు.

"తనే రావచ్చుగా," అన్నాడు.

"గడప తొక్కొద్దన్నారటగా."

"అన్నాను. నోరు జారాను. ఎనిమిది నెలలు పట్టుకు వేలాడాలా దాన్ని?"

బట్టతలాయన వాచీ చూసుకున్నాడు. "నలభై ఐదు నిమిషాలే ఉందండీ."

మేస్త్రి గొణుక్కుంటూ రేకు దగ్గర చతికిలబడ్డాడు. అంచు వెంట జిగురు సన్నగా, ఎక్కడా తెగకుండా ఒకే తీరున పోసి ఉంది. స్పాట్ పడాల్సిన ప్రతిచోటా రంగు గీకి ఇనుము తేల్చింది. చోటుకీ చోటుకీ మధ్య మూడు వేళ్ల ఎడం. టేపు పెట్టి కొలిచింది కాదది, వేళ్లు పెట్టి కొలిచింది. ఈయన కొలిచేదీ అలాగే. బట్టతలాయన అటు తిరిగినప్పుడు తన మూడు వేళ్లూ అక్కడ ఆనించి చూసుకున్నాడు. పట్టలేదు. పిల్ల వేళ్లు సన్నం.

"పనికి వంక పెట్టడానికి లేదు," అన్నాడు పైకి.

స్పాట్ మిషను లాక్కొచ్చి, దాని రెండు మొనల మధ్య అంచు బిగించి మీట నొక్కాడు. చిటుక్కుమంది. సన్నగా పొగ లేచింది. జిగురు కాలిన కంపు కొట్టింది. లేచి తలుపులు బార్లా తెరిచి మళ్లీ వంగాడు.

"రోజంతా ఈ కంపులోనే ఉంటుందా?"

"ఫ్యాను పెట్టుకుందండీ."

"ఒక్క ఫ్యానా?"

"రెండు."

చిటుక్కు.

"చేతులకి తొడుగులు వేసుకుంటోందా? ఆ పాడు జిగురు ఒంటికి పడదు."

"వేసుకుంటుందండీ."

"అన్నం?"

"అందులో మాత్రం నాన్న పోలికే అంటుంది. మూడింటికి ముందు డబ్బా తెరవదు."

మేస్త్రి నవ్వు మింగేసి ఇంకో నాలుగు స్పాట్లు వేశాడు.

"నా గురించి ఇంకేమంటుంది?"

"మీ గురించి పెద్దగా ఏం మాట్లాడదండీ. మీ షెడ్డు ముందు నుంచి ఎవరొచ్చినా మాత్రం ఆపి, లోపల మిషను చప్పుడు వినిపించిందా అని అడుగుతుంది."

మేస్త్రి నల్ల కళ్లద్దాలు కిందికి లాక్కున్నాడు. తుడిచిన మొనలనే మళ్లీ గుడ్డతో తుడిచి మీట నొక్కాడు.

ఆఖరి స్పాట్ పడేసరికి ఇంకా ఆరు నిమిషాలుంది. అంచు మీద బొటనవేలు గట్టిగా నొక్కి చూశాడు మేస్త్రి. ఇసుమంతైనా కదల్లేదు. జిగురూ వెల్డింగూ కలిస్తే పట్టు ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదని అనుకోబోయాడు. పిల్ల చెప్పింది. ఈయనే వినలేదు. పిల్ల ఇక్కడుంటే ఎంత బాగుండేది అనిపించింది. తను రేకు పట్టుకునేది, ఈయన మీట నొక్కేవాడు. వెల్డింగైనా జిగురైనా ఇప్పుడాయనకి ఒకటే, పిల్ల కావాలి అంతే.

"క్లాంపులు రేపటిదాకా తియ్యొద్దని చెప్పు," అన్నాడు. చెప్పింది చాల్లేదనిపించింది. "నేను చెప్పానని చెప్పు."

"అలాగేనండీ."

పని అయ్యాక లోపల కూడా ఓసారి చూసుకోవడం ఆయనకి అలవాటు. టార్చి వేసి చక్రం గూట్లోకి తల దూర్చాడు. ఎక్కడా ముడత లేదు, వంకర లేదు, కంపెనీ రంగు చెక్కు చెదరలేదు. తల బయటికి తీసి రేకు వంక చూశాడు. అదీ కొత్తది కాదు. కారు రంగే, కారుతో పాటు ఎండకి వెలిసిన రంగే.

"ఎక్కడ గుద్దారయ్యా దీన్ని? ఒక్క సొట్టన్నా లేదే."

బట్టతలాయన తల గోక్కున్నాడు.

"ఎక్కడా గుద్దలేదండీ. నేను మీ అమ్మాయి పక్క షెడ్డులో సీట్లు కుట్టుకునేవాణ్ణి, కారు తనది. బాగున్న రేకుని పొద్దున్నే తనే ఊడదీసుకుంది, నాన్న చేతిపని ఒక్కటన్నా తన దగ్గర ఉండాలని."