నమూనా ఇల్లు

"వచ్చేశా!"

గుమ్మంలో చెప్పులు విప్పుతూ సన్నని గొంతుతో అంది బామ్మ.

కువబారా లోపలినుంచి పరుగున వచ్చి నడుము వంచాడు.

"దయచేయండి!"

బామ్మ ముఖం చిన్నబోయింది. సోఫా అంచున కాసేపు కూర్చుని, ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయింది.

అది నమూనా ఇల్లు. ఇళ్లు కట్టే కంపెనీ ఒకటి, కొనేవాళ్లకు చూపించడానికి మాయెబాషి ఊళ్లో కట్టి పెట్టింది. ఫ్రిజ్ ఉంది, లోపల ఏమీ ఉండదు. మంచం ఉంది, ఎవరూ పడుకోరు. బుట్టలో యాపిల్ పళ్లు ప్లాస్టిక్‌వి.

కువబారా అక్కడ సేల్స్‌మన్. ఎవరు గడప తొక్కినా "దయచేయండి" అనాలని కంపెనీ నేర్పింది. అతను నిద్రలో లేపినా అదే అంటాడు.

బామ్మ ప్రతి ఆదివారం వచ్చేది. అదే పసుపు గొడుగు, అదే కేక.

"మన ప్రకటనలు చూసి చూసి మతి పోయినట్టుంది" అని నవ్వేవాడు నెమోతో అనే మేనేజర్.

ఆ ప్రకటనలు తెలియనివాళ్లు ఈ దేశంలో లేరు. ఏటా ఒక పేరున్న మనిషి "వచ్చేశా!" అంటూ ఇంటికొస్తాడు. ఒక ఏడు సుమో వస్తాదు గుమ్మంలో ఇరుక్కుపోయాడు. ఇంకో ఏడు కత్తియుద్ధాల హీరో ఇనప కవచంతో దిగబడ్డాడు. ఎవరొచ్చినా సరే, వంటింట్లోంచి ఒక ఆడగొంతు మాత్రం వినబడుతుంది.

"వచ్చావా? చెప్పులు విప్పు!"

ఈ ఏడు దయ్యం సినిమాల నటి గోడలోంచి వచ్చింది. ఆ గొంతు వినగానే గతుక్కుమని కిందికి చూసుకుంది. మా జపాన్ దయ్యాలకు పాదాలుండవు కదా! జనం పడీపడీ నవ్వారు.

కువబారా మాత్రం నవ్వడు.

సాయంత్రం తన ఒంటి గదికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి టీవీ వేస్తాడు. ఆ ప్రకటన వచ్చేదాకా బూట్లు విప్పడు. "వచ్చావా?" అని వినబడ్డాకే లోపల అడుగుపెడతాడు. పిచ్చే అనుకోండి. కానీ ఊరుగాని ఊళ్లో అతణ్ని ఆ మాట అడిగేవాళ్లు ఇంకెవరున్నారు?

ఒక ఆదివారం ఓ జంట మూడోసారి ఇల్లు చూడ్డానికొచ్చింది. ఇక సరే అనడమే తరువాయి.

"వచ్చేశా!" గుమ్మంలో బామ్మ.

భార్య ఉలిక్కిపడింది. "ఈ ఇంట్లో ఎవరో ఉంటున్నట్టున్నారే!"

"అత్తగారితో కలిపి అమ్ముతున్నారేమో" అన్నాడు భర్త.

ఇద్దరూ నవ్వుకుని, "ఆలోచించుకుని చెబుతాం" అంటూ లేచారు. ఆ మాట అన్నవాళ్లు మళ్లీ రారు.

మేనేజర్ కళ్లెర్రజేశాడు. "ఈ నెల కూడా సున్నాయేనా? ఆ ముసలావిడ సంగతి నువ్వు చూస్తావా, నన్ను చూడమంటావా?"

కువబారా బామ్మ ముందు నిలబడ్డాడు.

"బామ్మగారూ, మీరు ఇల్లు కొంటారా?"

"లేదు నాయనా."

"మరెందుకొస్తారు? ఇది మీ ఇల్లు కాదు. ఇక్కడ మీవాళ్లెవరూ లేరు. ఇక రాకండి."

బామ్మ మెల్లగా లేచింది.

"ఇబ్బంది పెట్టాను. ఒక్క మాట కోసం వచ్చాను, అంతే."

"ఏం మాట? చెప్పండి, అనేస్తాను."

"అడిగి అనిపించుకుంటే అది ఆ మాట కాదు నాయనా."

చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. గొడుగు మరిచిపోయింది. దానికోసమైనా మళ్లీ రాలేదు.

ఆకులు రాలే కాలంలో కొత్త ప్రకటన తీయడానికి ఆ ఇంటికే షూటింగ్‌వాళ్లు వచ్చారు. ఈసారి బేస్‌బాల్ ఆటగాడు. గుమ్మంలోకి పొట్టమీద జారుకుంటూ వచ్చి "వచ్చేశా!" అన్నాడు.

లోపల చడీచప్పుడూ లేదు.

"గొంతేదీ?" అరిచాడు డైరెక్టర్ ఊరగామి.

"ఆవిడ వానాకాలంలో పోయారు కదండీ. ఇంకొకరు దొరకలేదు" అన్నాడు సౌండ్ చూసే అతను.

"సరే, ఇవాళ్టికి ఎవరో ఒకరు అనండి. ఇదిగో బాబూ, నువ్వు వెళ్లు."

కువబారా వంటింట్లోకి వెళ్లాడు.

"వచ్చేశా!"

"దయచేయండి!"

అందరూ గొల్లుమన్నారు. ఊరగామి ఒక్కడే నవ్వలేదు.

"అది కొట్లో అనే మాట బాబూ. ఇంట్లో అనే మాట ఎలా ఉండాలో ఆ పోయిన మినెగిషి గారికే తెలుసు. మామూలుగా మాట్లాడితే పక్కవాడికి కూడా వినబడేది కాదు. మైకు ముందు నిలబడితే ఆ గొంతుకు ముప్పయ్యేళ్లే! ఒక్కసారి కూడా తెరమీద కనబడలేదు పాపం. ఈ ఊళ్లోనే ఒంటరిగా ఉండేది."

"ఈ ఊళ్లోనా?"

"ఊఁ. 'దేశంలో అందర్నీ నేను పలకరిస్తాను, నా ఇంట్లో నన్ను పలకరించేవాళ్లు లేరు' అనేది. నేనే సరదాకి అన్నాను, మీ ఊళ్లో మన నమూనా ఇల్లుంది, గుమ్మంలో కేకెయ్యండి, మనవాళ్లు పలక్కపోతారా అని. వచ్చిందో లేదో."

కువబారా గుమ్మం పక్కకు చూశాడు. గొడుగుల కుండీలో పసుపు గొడుగు ఇంకా అలాగే ఉంది.

"కానివ్వండి, ఇంకోసారి!"

"వచ్చేశా!"

"వచ్చావా?" అన్నాడు కువబారా, ఆ గొడుగు మీదనుంచి చూపు తిప్పకుండా.

"అదీ! అలా అనాలి" అన్నాడు ఊరగామి.

ఆ సాయంత్రం పసుపు గొడుగు చేత్తో పట్టుకుని గదికి వెళ్లాడు. టీవీ వేసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఇది మీ ఇల్లు కాదని తాను వెళ్లగొట్టిన బామ్మ, రోజూ అన్నట్టే, "వచ్చావా? చెప్పులు విప్పు!" అంది.