పాత బుష్షులు

“చెయ్యి సాపక్కా,” అన్నాడు జంబన్న.

సుమ చాచిన అరచేతిలో పిడికిలంత నల్లటి రబ్బరు ముద్ద పెట్టాడు. మధ్యలో ఇనుప గొట్టం. దాని చుట్టూ రబ్బరు నిలువునా చీలి వేలాడుతోంది. తీసిన పాత సామాను యజమాని చేతిలో పెట్టందే తాళం ఇవ్వకపోవడం జంబన్న షెడ్డు పద్ధతి. సత్యనారాయణపేటలో సగం కార్లు అందుకే అతని దగ్గరికి వస్తాయి.

“ఏంది జంబన్నా ఇది?”

“నీ కారు వెనక బుష్షు. ఇరుసును బాడీకి పట్టి ఉంచేది ఇదే. ఇది చీలితే, బ్రేకు తొక్కినప్పుడు వెనక పక్క దాని ఇష్టం. నువ్వు ఇట్లంటే అది అట్ల పోతాది.”

సుమ చీలికను వేలితో తడిమింది. మూడు నెలలుగా నిద్రలోనూ మెలకువలోనూ ఆమెకు ఒకటే విచారణ. తోరణగల్లు దారి మలుపులో తాను బ్రేకు తొక్కింది. తొక్కినందువల్ల కారు గిర్రున తిరిగింది. తిరిగినందువల్ల పక్కనున్న భర్త సిద్ధేశ్ కాలు రెండుచోట్ల విరిగింది. ఆనాటి నుంచి ఆమె స్టీరింగు ముట్టలేదు. ఆమె పాఠాలు చెప్పే బడి, బస్సు పోని ఊళ్ళో ఉంది. సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

“నేను గట్టిగా తొక్కినందుకు గాదా?”

“మెల్లగా తొక్కినా తిరిగేదేక్కా. నేనున్నా తిరిగేదే.”

“అట్లయితే ముందే శబ్దం రావాల గదా? నాకు ఒక్కనాడన్నా ఇనపడలేదే.”

జంబన్న స్పానరు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. స్టూలు మీద కర్ర పట్టుకుని కూర్చున్న సిద్ధేశే అందుకున్నాడు.

“యాడ ఇనపడతాది? దావంతా నన్ను తిడతానే ఉంటివి గదా!”

చాలా రోజుల తర్వాత సుమ పెదవులు కాస్త విడివడ్డాయి.

“ఇప్పుడు ఏసింది ఏంది?”

“పాలీయురెథేన్. రబ్బరు కంటే గట్టిది. గుంతలో పడితే నడుముకు తెలుస్తాది, సుఖం తక్కువే. వెనక పక్క మాత్రం జరగదు. ఏనూ ఆగల్లక్కా, ఏమీ గాదు, ఒక రౌండు పోయిరా.”

“నువ్వూ రా,” అంది భర్తతో.

“ఈ కాలేసుకుని యాడికి? జంబన్న టీ తెప్పిస్తాండాడు. తాగేలోగా వస్తావులే.”

సీటు సరిచేసుకోవడం, బెల్టు పెట్టుకోవడం, తాళం తిప్పడం — బరువు మోసేవాళ్ళు ఆగి ఆగి మెట్లెక్కినట్టు ఒక్కొక్క పనీ చేసింది. కారు కదిలింది. వీధి చివర స్పీడుబ్రేకరు మీద గట్టిగా కుదిపింది. మలుపులో సుమ బ్రేకు తొక్కింది. కారు ఆమె చెప్పినట్టే వింది. ఆ తర్వాత వెనుదిరిగి చూడకుండా తోరణగల్లు వైపు సాగిపోయింది.

షెడ్డులో సిద్ధేశ్ ముఖం తుడుచుకున్నాడు. జంబన్న బల్ల కింది నుంచి గుడ్డమూట లాగి విప్పాడు. రెండు రబ్బరు బుష్షులు; ఎక్కడా పగులన్నది లేదు.

“నువ్వు చెప్పినట్టే అక్కకు వేరే కారుది చూపిస్తి. నీ కారువి ఇవప్పా,” అన్నాడు.