రెండో పిలుపు

మా ఇంట్లో నోనాను, అంటే మా నానమ్మను, ఎవరు పిలిచినా రెండుసార్లు పిలుస్తారు. వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటట. ఆరోజు కూడా గేటు దగ్గర్నుంచే "నోనా, నోనా!" అంటూ, చర్చి జనన మరణాల పుస్తకాల నకళ్ళు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"మూడేళ్ళు దాచేశావు, దొంగా! నువ్వు పుట్టింది ముప్ఫై ఒకటిలో కాదు, ఇరవై ఎనిమిదిలో."

"పోవే! నన్ను ముసలిదాన్ని చెయ్యడానికా ఇంత తిరుగుడు?" చిక్కుడుకాయలు ఒలుస్తూనే నవ్వింది.

చూపించాను. ఇరవై ఎనిమిదిలో నోనా పేరే, అల్బినా కోషుతా. ముప్ఫై ఒకటిలో అల్బినా కొస్సుత్తా. తల్లిదండ్రులు వాళ్ళే. ఇటలీ దొరలు మా స్లోవేనుల ఇంటిపేర్లన్నీ తమ భాషలోకి మార్చి రాయించిన రోజులవి. ఒకే మనిషిని మళ్ళీ రాశారనుకున్నాను.

"మరి ఈ మూడో కాగితం?" అంది నోనా.

ఇంటిపేరు కలిసిందని చదవకుండానే తెచ్చిన నకలది. పైకి చదివాను. "అల్బినా కోషుతా. రెండేళ్ళు. కంఠసర్పితో మరణం. 1930."

నోనా చేతులు ఆగిపోయాయి. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం మా త్రియెస్తె కొండల్లో మామూలే. తనకు ముందు ఇంకో అల్బినా ఉండేదని ఆవిడకు మాత్రం ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

"ఒక్క పిలుపుకే పలికేదాన్ని," అంది. "అయినా అమ్మ నా వెనక్కి చూస్తూ మళ్ళీ పిలిచేది."

సాయంత్రం గేటు దాటుతూ "నోనా, వెళ్ళొస్తా!" అన్నాను. రెండోసారి పిలవడానికి నోరు రాలేదు.

ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు.

"ఆగావేమే? దాన్ని కూడా పిలువు. చిన్నపిల్ల, అలుగుతుంది."